తప్పు కార్డుదా, స్లాటుదా, కుర్రాడిదా?

2022 సెప్టెంబరులో మా సంఘం గదిలో ఉన్న కంప్యూటరు మొరాయించింది. ఇదేం పెద్ద వార్త కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ నెల రోజుల్లో ఒక యంత్రం చుట్టూ చదువుకున్నవాళ్ళు ఎన్ని నమ్మకాలు అల్లగలరో చూశాను. హేతువాదినని చెప్పుకునే నేను కూడా అందులో ఒక నమ్మకాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఆ సంగతి దాచుకోకుండా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ముందు నా అర్హతలు చెబుతాను. నేను చదివింది బి.కాం. రక్షణ పద్దుల శాఖలో ఉద్యోగం చేసి, కలకత్తాలోనే రిటైరై, ఇక్కడే ఉండిపోయాను. ఎలక్ట్రానిక్స్‌లో నాకు ఓనమాలు రావు. అయితే ముప్పై అయిదేళ్ళకు పైగా చేసిన పని ఒక్కటే: రెండు లెక్కలు కలవకపోతే ఎక్కడ కలవలేదో వెతకటం. కంప్యూటరు విషయంలో పనికొచ్చింది ఆ విద్యే.

మా సంఘం చిన్నది. కొన్ని తెలుగు కుటుంబాలు, ఒక అద్దె గది, రెండు బీరువాల పుస్తకాలు, శనివారం సాయంత్రం పిల్లలకు తెలుగు క్లాసు. పెద్దవాళ్ళ జ్ఞాపకాలు వీడియో తీసి భద్రపరచాలని 2019లో ఒక కంప్యూటరు చాందినీ చౌక్‌లో విడిభాగాలు కొని కట్టించాం. (ఢిల్లీలోదే అనుకునేవారికి: కలకత్తాలోనూ ఒక చాందినీ ఉంది. ఎస్ప్లనేడ్ పక్కనే, ట్రాన్సిస్టరు నుంచి టీవీ దాకా ఏది కావాలన్నా దొరికే బజారు.) దానిలో పెట్టిన ప్రాసెసరు పేరు చివర ‘ఎఫ్’ అనే అక్షరం ఉంది. ఇంటెల్ వారి లెక్కలో ఆ అక్షరం ఉంటే ప్రాసెసరులో బొమ్మ చూపించే భాగం పనిచెయ్యదని అర్థం. ధర కొంచెం తక్కువ. కానీ విడిగా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. ఆ కార్డు మదర్‌బోర్డు మీద ఒక పొడుగాటి స్లాటులో కూర్చుంటుంది. కార్డు పోయినా, స్లాటు పోయినా తెర మీద కనిపించేది ఒకటే: చీకటి.

మాకు కనిపించింది అదే. స్విచ్ వేస్తే ఫాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటుంది. బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్ళీ వేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఎవరూ ఇన్ని మాటలు అనేవాళ్ళు కాదు, తీసుకెళ్ళి బాగు చేయించేవాళ్ళు. వచ్చీ రాకుండా ఏడిపించే లోపమే అన్ని అనర్థాలకూ మూలం. రోగంలో కూడా అంతే కదా. విరిగిన కాలికి ఎవరూ తాయెత్తు కట్టించుకోరు. వచ్చిపోయే తలనొప్పికీ, మూర్ఛకీ, కీళ్ళనొప్పులకీ కట్టించుకుంటారు.

ఇక కుర్రాడి సంగతి. ఖరగ్‌పూర్ నుంచి వచ్చినవాడు. అక్కడి రైల్వే వర్క్‌షాపుల కోసం పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళినవాళ్ళ మూడో తరమో నాలుగో తరమో. తెలుగు బాగానే మాట్లాడతాడు, మధ్యలో బెంగాలీ దొర్లుతుంది. చాందినీలో ఒక రిపేరు కౌంటరులో పని. ఆదివారాలు మా లాంటివాళ్ళ ఇళ్ళకు వచ్చి తక్కువ డబ్బుకు కంప్యూటర్లు బాగు చేసి పెడతాడు. ఆగస్టు 21న మా కంప్యూటరు విప్పి దుమ్ము దులిపి వెళ్ళాడు. సెప్టెంబరు మొదటి వారానికి అందరి నోటా ఒకే మాట: “ఆ కుర్రాడు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచే ఇలా ఉంది.”

ఆ మాట రెండు రకాలుగా పెరిగింది. ఒక పెద్దావిడ వాడి చెయ్యి మంచిది కాదన్నారు. అంటే శకునం లెక్క. దాన్ని నేను గట్టిగానే ఖండించాను. ఇంకొకాయన గొంతు తగ్గించి, “మంచి కార్డు లాగేసి పాత కార్డు పెట్టి ఉంటాడు, చాందినీలో ఇవన్నీ మామూలే” అన్నారు. దీన్ని మాత్రం నేను ఖండించలేదు. పైగా తల ఊపాను. ఎందుకంటే ఇది ‘హేతుబద్ధంగా’ వినిపించింది. ఇందులో దెయ్యం లేదు, దిష్టి లేదు, ఉద్దేశం ఉంది, అవకాశం ఉంది. కానీ సాక్ష్యం విషయానికొస్తే పెద్దావిడ మాటకీ ఈయన మాటకీ తేడా ఏమిటి? రెండూ నిలబడ్డది ఒకే కాలు మీద: ముందు అది జరిగింది, తర్వాత ఇది జరిగింది. వాడికి ఇవ్వాల్సిన 600 రూపాయలు ఆపెయ్యమని కార్యదర్శి గారు అంటే కోశాధికారిగా సరేనన్నది నేనే.

సెప్టెంబరు 17 వచ్చింది. కలకత్తాలో ఆ రోజు విశ్వకర్మ పూజ. ఫ్యాక్టరీలు, గ్యారేజీలు, ప్రెస్సులు, రిక్షా స్టాండులు, అన్ని చోట్లా ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ వెలుస్తాడు. మేడల మీద గాలిపటాలు ఎగురుతాయి. నాకు ఆ గాలిపటాలంటే ఇష్టమే. మనవాళ్ళు దసరాకు చేసే ఆయుధపూజ లాంటిదే ఇది. మా గదిలో కూడా ఎవరో కంప్యూటరుకు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. (గాలి లోపలికి పోయే కన్నాల ముందే దండ వేశారు. అది నేను పక్కకు జరిపాను. నా నాస్తికత్వం ఆ రోజుకు అంతవరకే.) ఆ రోజు కంప్యూటరు మొదటి స్విచ్చుకే లేచింది. మర్నాడూ లేచింది. మూడో రోజూ లేచింది. కార్యదర్శి గారు నా వైపు చూసి, “ఏమంటారు ఆడిటరు గారూ?” అన్నారు.

ఏమనాలి? అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి కాగితం మీద లెక్క వేశాను. సుమారు మూడు సార్లకు ఒకసారి తెర రావటం లేదనుకుందాం. అంటే ఒక స్విచ్చుకు తెర వచ్చే అవకాశం మూడింట రెండు. వరసగా మూడు సార్లు రావటానికి అవకాశం మూడింట రెండును మూడు సార్లు గుణిస్తే ఇరవై ఏడింట ఎనిమిది. సుమారు నూటికి ముప్పై! ఏ పూజా లేకుండా, ఏ రిపేరూ లేకుండా, ఊరికే చూస్తూ కూర్చున్నా నూటికి ముప్పై సార్లు మూడు రోజుల ‘మహిమ’ కనిపిస్తుంది. అదే వరసగా పది సార్లు రావటమంటే నూటికి రెండు కూడా లేదు. ఇరవై సార్లంటే పదివేలకు మూడు. కాబట్టి బాగయిందని ఎవరైనా అంటే మనం అడగాల్సింది “ఎలా బాగయింది?” అని కాదు. “ఎన్నిసార్లు చూశారు?” అని. నాలుగో రోజు తెర నల్లబడింది. అయితే నేను గెలిచానని సంబరపడలేదు. ఇరవై సార్లు వచ్చి ఉన్నా పూజ గెలిచినట్టు కాదు, ఎందుకంటే ఆ రోజే ఎవరో కంప్యూటరును బల్ల మీద జరిపి తుడిచారు కూడా. కదిలిస్తే కూడా పిన్నులు సర్దుకోవచ్చు.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే దేనివల్ల ఏం జరిగిందో చెప్పలేం. ఈ సంగతి బెంగాల్ వాళ్ళకు గుర్తు చెయ్యక్కర్లేదు. మదర్ తెరిసాను 2003లో ‘బ్లెస్డ్’గా ప్రకటించటానికి ఆధారంగా తీసుకున్న అద్భుతం ఇక్కడిదే. దక్షిణ దినాజ్‌పూర్‌కు చెందిన ఒక గిరిజన స్త్రీ కడుపులో గడ్డ 1998లో మదర్ బొమ్మ ఉన్న పతకం పెట్టగానే కరిగిపోయిందన్నారు. బాలూర్‌ఘాట్ ఆస్పత్రిలో ఆమెకు వైద్యం చేసిన డాక్టర్లు, అది క్షయ వల్ల వచ్చిన గడ్డ అనీ, నెలల తరబడి ఇచ్చిన మందులకు తగ్గిందనీ చెప్పారు. పతకం ఉంది, మందులూ ఉన్నాయి. వాటికన్ ఒకదాన్ని లెక్కలోకి తీసుకుంది, రెండోదాన్ని వదిలేసింది. మా గదిలో దండ వేసినవాళ్ళు చేసిందీ అదే. కుర్రాణ్ణి దొంగ అన్న నేను చేసిందీ అదే.

ఇంతకీ ఇదే ఊళ్ళో, మా గదికి పెద్ద దూరం కాని బరానగర్‌లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మన దేశంలోకి వచ్చిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు 1955లో అక్కడికే వచ్చింది. హెచ్.ఈ.సి.-2ఎం అని బ్రిటన్ నుంచి తెప్పించారు. మన తెలుగువాడు సి.ఆర్. రావు గారు 1941లో వాల్తేరు చదువు ముగించుకుని కలకత్తా వచ్చి ఆ సంస్థలో చేరి, దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. కొద్దిపాటి లెక్కల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చు అన్నదే ఆయన జీవితమంతా చేసిన పని. మా సంఘంలో ఆయన ఫోటో ఉంది. ఆ ఫోటో కిందే కంప్యూటరు, కంప్యూటరు మీద దండ.

సరే, వెతకటం ఎలా మొదలుపెట్టానో చెబుతాను. జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో రాసిన తర్కశాస్త్ర గ్రంథంలో ఒక పద్ధతి చెబుతాడు: రెండు సందర్భాలు తీసుకోండి, అన్నీ ఒకేలా ఉండి ఒక్కటే తేడా ఉండాలి, ఫలితం మారిందంటే ఆ ఒక్క తేడాలోనే కారణం ఉంది. (మిల్ కూడా మన గుమాస్తా జాతివాడే! 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ లండన్ ఆఫీసులో ఉద్యోగం.) రిపేరు కుర్రాళ్ళు మిల్‌ను చదవలేదు గానీ, “మార్చి చూడు” అని వాళ్ళు చేసేది అదే. ఒక పొరపాటు మాత్రం తరచు జరుగుతుంది. కార్డు మార్చి చూశాను, వచ్చింది, కాబట్టి కార్డు పోయింది అంటారు. అక్కడితో ఆగకూడదు. ఎందుకంటే కార్డు మార్చినప్పుడు కార్డు ఒక్కటే మారలేదు. స్లాటులోంచి ఒకటి లాగారు, ఇంకొకటి నొక్కారు. ఆ లాగటం, నొక్కటంలోనే పిన్నుల మీద మకిలి రాలిపోయి తాత్కాలికంగా బాగవుతుంది. రోగికి చక్కెర బిళ్ళ ఇచ్చినట్టు, ఇది యంత్రానికి చక్కెర బిళ్ళ.

అందుకని ఒక రిజిస్టరు పెట్టాను. ఇంట్లో నా పాత కంప్యూటరులో ఒక చిన్న కార్డు ఉంది, పోయినా బాధ లేనిది. (మంచి కార్డును అనుమానపు స్లాటులో పెట్టకండి. స్లాటులో షార్టు ఉంటే మంచిదాన్నీ చంపుతుంది.) ప్రతిసారీ కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ వేసి చూడటం. ప్రతి దశకూ ఇరవై సార్లు. రెండు వారాల సాయంత్రాలు పోయాయి. మా ఆవిడ “రిటైరయ్యాక కూడా ఆడిటేనా” అంది.

మొదటి దశ, ఏమీ ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు: ఇరవైలో ఏడుసార్లు తెర రాలేదు. రెండో దశ, కార్డు తీసి, బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో తుడిచి, అదే కార్డు అదే స్లాటులో: ఆరుసార్లు రాలేదు. అంటే చక్కెర బిళ్ళ పనిచెయ్యలేదు. మూడో దశ, నా కార్డు అదే స్లాటులో: ఏడుసార్లు రాలేదు. ఇక్కడ నాకు మొదటిసారి గుండె కొంచెం జారింది, ఎందుకంటే నా కార్డును ఆ కుర్రాడు ముట్టుకోలేదు. నాలుగో దశ, సంఘం కార్డు మా ఇంటి కంప్యూటరులో: ఇరవైకి ఇరవై సార్లూ వచ్చింది. ఐదో దశ, సంఘం కార్డు సంఘం కంప్యూటరులోనే, కింద ఉన్న రెండో పొడుగు స్లాటులో: ఇరవైకి ఇరవై.

ఐదో దశే నాకు బాగా నచ్చింది. అందులో తెర అదే, తీగ అదే, పవర్ సప్లై అదే, మెమరీ అదే, కార్డు అదే. మారింది స్లాటు ఒక్కటే. కాబట్టి మిగతా అందరూ ఒకే తీర్పుతో నిర్దోషులు. మొదటి స్లాటులో మొత్తం అరవై సార్లు వేస్తే ఇరవై సార్లు రాలేదు, సరిగ్గా మూడింట ఒకటి. రెండు వేరువేరు కార్డులతో, ఒకే స్లాటులో, ఒకే రేటు.

అప్పుడు టార్చి, భూతద్దం పట్టుకుని స్లాటులోకి చూశాను. ఈ స్లాటును పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అంటారు. ఇంటి కంప్యూటర్లలో 2004 నుంచి వస్తోంది, అంతకు ముందు ఏ.జి.పి. ఉండేది. పెద్ద స్లాటుకు రెండు పక్కలా కలిపి 164 పిన్నులు. అవి పదహారు దారులుగా సమాచారాన్ని మోస్తాయి, 75 వాట్ల దాకా కరెంటు కూడా ఇస్తాయి. తమాషా ఏమిటంటే స్విచ్ వెయ్యగానే కార్డూ బోర్డూ ముందు ఒకదాన్నొకటి పలకరించుకుని ఎన్ని దారులు బాగున్నాయో తేల్చుకుంటాయి. పై దారుల్లో ఒకటి దెబ్బతింటే ఎనిమిదింటితోనో నాలుగింటితోనో సర్దుకుపోతాయి, మనకు తెలియను కూడా తెలియదు. జి.పి.యు.-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో చూస్తే తెలుస్తుంది. మా కార్డు మొదటి స్లాటులో కొన్నిసార్లు పదహారు, కొన్నిసార్లు ఎనిమిది చూపించింది. ఈ గుర్తు ఎవరికైనా పనికొస్తుంది: అదే కార్డు, అదే స్లాటు, దారుల సంఖ్య మాత్రం రోజుకో రకం అంటే అనుమానం అతుకుల మీదికి పోవాలి. (బోర్డుకు చిన్న స్పీకరు ఉంటే అది కూతలు పెడుతుంది. పాత అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి కూతలంటే వీడియో లోపమని అర్థం. అయితే కూత ‘వీడియో’ అని మాత్రమే చెబుతుంది, కార్డో స్లాటో చెప్పదు.) భూతద్దంలో కనిపించింది: స్లాటు ముందు భాగంలో ఒక పిన్ను పక్కవాటి వరసలో లేదు, లోపలికి వాలి ఉంది.

ఇక్కడ ఆగిపోతే కథ సగమే. స్లాటు పోయిందని తేలింది. ఎవరి వల్ల? కుర్రాడు దుమ్ము దులుపుతూ కార్డు అడ్డదిడ్డంగా నొక్కి వంచి ఉండొచ్చు కదా? పరీక్ష ఏ భాగం చెడిందో చెబుతుంది, ఎవరు చెడగొట్టారో చెప్పదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేస్తే మళ్ళీ మొదటికొస్తాం.

అప్పుడు తట్టింది, కాగితాలున్నాయి కదా అని. దొంగతనం ఆరోపణకు కావలసిన కాగితం నా బీరువాలోనే ఉంది. 2019 నాటి బిల్లు. దాని మీద కార్డు సీరియల్ నంబరు రాసి ఉంది. కార్డు వెనక స్టిక్కరు మీద నంబరుతో అక్షరం అక్షరం కలిసింది. కార్డు మారలేదు. రెండు నిమిషాల పని. ముప్పై అయిదేళ్ళు ఓచర్లు సరిచూసినవాణ్ణి, దొంగ అన్న మాటకు తల ఊపేముందు ఆ రెండు నిమిషాలు పెట్టలేదు.

రెండో కాగితం కంప్యూటరు తనంతట తానే రాసుకున్న రిజిస్టరు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ మళ్ళీ లేచాక ‘కెర్నల్-పవర్ 41’ అనే పద్దు రాస్తుంది. మా తెర నల్లగా ఉన్నప్పుడు కూడా కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలిగేది, అంటే లోపల విండోస్ నడుస్తూనే ఉండేది. మనం బటన్ నొక్కి పట్టుకుని ఆపేసిన ప్రతిసారీ ఒక పద్దు పడి ఉంటుంది. అయితే కరెంటు పోయినా అదే పద్దు పడుతుంది, కలకత్తాలో కరెంటు పోవటం మామూలే! ఈ రెండింటినీ విడదీసే గుర్తు ఆ పద్దులోనే ఉంది. వివరాల్లోకి వెళితే ‘పవర్ బటన్ టైమ్‌స్టాంప్’ అని ఒక గడి కనిపిస్తుంది. కరెంటు పోతే అక్కడ సున్నా ఉంటుంది, బటన్ నొక్కి పట్టుకుని ఆపితే సున్నా కాని అంకె ఉంటుంది. అలాంటివి జూన్ రెండో వారం నుంచి ఆగస్టు 20 దాకా తొమ్మిది దొరికాయి. కుర్రాడు వచ్చింది ఆగస్టు 21న.

ఆ ముద్రించిన కాగితం చూపించాక కార్యదర్శి గారు తలగోక్కుని, “అప్పుడప్పుడు అలా అయ్యేదిలెండి, నొక్కి పట్టుకుంటే వచ్చేసేది, పెద్దగా పట్టించుకోలేదు” అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. ‘కుర్రాడు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచి’ అనే వాక్యం తయారయ్యాక దానికి ముందున్న తొమ్మిది సార్లు జ్ఞాపకంలోంచి జారిపోయాయి. జాతకం నిజమైన సందర్భాలే గుర్తుండటం లాంటిదే ఇది కూడా. మరి జూన్‌కు ముందు ఏం జరిగింది? మే ఆఖర్లో గదికి రంగులు వేయించాం. అప్పుడు కంప్యూటరును రిక్షాలో వేసుకుని మా ఇంటికి తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళింది కార్యదర్శి గారూ నేనూ. కార్డు లోపల వేలాడుతూనే ఉంది. పిన్ను అప్పుడే వాలిందని నేను రుజువు చెయ్యలేను. కానీ అనుమానించాల్సినవాళ్ళ జాబితాలో కుర్రాడి కంటే ముందు మా ఇద్దరి పేర్లు రావాలి.

నాకు ఇది రెండోసారి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక డిపో స్టోర్ల లెక్కలో 5,400 రూపాయల తేడా వచ్చింది. స్టోర్‌కీపర్ నుంచి రికవరీ చెయ్యాలని ఎంతో ఉత్సాహంగా నోట్ రాశాను. ఆ రోజుల్లో అది అతని నాలుగైదు నెలల జీతం. మా సూపరింటెండెంటు నోట్ చదివి, ఏమీ అనకుండా 5,400ని తొమ్మిదితో భాగించారు. శేషం లేదు. “82, 28 ఎక్కడైనా ఉన్నాయేమో చూడవయ్యా” అన్నారు. 8,200 అని ఉండాల్సిన చోట 2,800 అని ఎక్కింది. ఎక్కించింది మా సెక్షనే. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది, పద్దులు రాసేవాళ్ళకు తెలిసిన చిట్కా ఇది. (చిట్కా రుజువు కాదు సుమా. ఊరికే వచ్చిన తేడాల్లో కూడా తొమ్మిదింట ఒకటి తొమ్మిదితో పోతుంది. అందుకే ఆయన “ఇదే” అనలేదు, “చూడవయ్యా” అన్నారు.) ఆ రోజు సిగ్గుపడి ఇక జన్మలో మరిచిపోనని అనుకున్నాను. మరిచిపోయాను.

రిపేరు ప్రపంచంలో ఇలాంటి నమ్మకాలకు కొదవ లేదు. గ్రాఫిక్స్ కార్డును వంటింటి ఓవెన్‌లో కాల్చితే బాగవుతుందని ప్రపంచమంతా నమ్మిన కాలం ఒకటుంది. 2008 జూలైలో ఎన్‌విడియా కంపెనీ, ల్యాప్‌టాప్‌ల కోసం తాను చేసిన కొన్ని చిప్పుల ప్యాకేజింగ్ పదార్థాల్లో బలహీనత ఉందని చెప్పి, 15 నుంచి 20 కోట్ల డాలర్లు నష్టం కింద పక్కన పెట్టింది. వేడెక్కటం, చల్లారటం వల్ల చిప్పుకూ దాని కింది పలకకూ మధ్య అతుకులు చిట్లేవి. గట్టిగా వేడి చేస్తే ఆ చిట్లిన చోట మళ్ళీ కొంతకాలం తగులుకునేది. తెర వచ్చేది. వచ్చినవాళ్ళు ఆ రాత్రే అందరికీ చెప్పేవాళ్ళు. నెలా రెండు నెలల్లో మళ్ళీ పోయినవాళ్ళు చెప్పటానికి తిరిగి వచ్చేవాళ్ళు కాదు. బాబాల దగ్గర సాక్ష్యాలు పోగయ్యేదీ సరిగ్గా ఇలాగే. ఇక్కడ పని చేసినట్టు కనిపించటానికి భౌతిక కారణం ఉంది, అక్కడ అది కూడా లేదు, అంతే తేడా.

మన సభల్లో రాజ్యాంగం 51-ఎ(హెచ్) గురించి చాలాసార్లు మాట్లాడాను, శాస్త్రీయ దృక్పథం పౌరుడి విధి అని. విభూతి ఎలా తీస్తారో చూపిస్తే చప్పట్లు కొడతారు. ఇరవైసార్లు స్విచ్ వేసి రిజిస్టరులో రాస్తే ఎవరూ కొట్టరు. అయినా మనం ఎక్కువగా తప్పులు చేసేది రెండో చోటే. దిష్టి అన్న పెద్దావిడ వల్ల ఎవరికీ నష్టం లేదు. నేను తల ఊపితే ఒకడి 600 రూపాయలు ఆగాయి, ఇక్కడున్న తెలుగువాళ్ళందరిలో వాడి పేరు పోయింది. మూఢనమ్మకం కంటే, హేతువు వేషం వేసుకున్న అనుమానం ఎక్కువ హాని చేసిందని నా అభిప్రాయం. మిత్రులు ఒప్పుకోకపోవచ్చు.

అక్టోబరు మీటింగులో రిజిస్టరు చదివి వినిపించాను. కార్డు రెండో స్లాటులోనే ఉంచాం. ఆ స్లాటుకు దారులు తక్కువ, అయినా మా వీడియోల పనికి తేడా తెలియలేదు. మొదటి స్లాటు మీద నల్ల టేపు అతికించాం. మర్నాడు నేను ఒక్కణ్ణే చాందినీ వెళ్ళాను. కౌంటరులో వాడు ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. జరిగిందంతా చెప్పాను. అరవై సార్లు వెయ్యటం, పిన్ను, జూన్ పద్దులు, అన్నీ. వాడు చేతిలో పని ఆపకుండా విన్నాడు. చివర్లో తలెత్తి, “ఇదంతా సరే అంకుల్, బిల్లు మీ దగ్గరే ఉంది కదా, నంబరు ముందే చూడొచ్చు కదా?” అన్నాడు.

నేను 600 రూపాయలు బల్ల మీద పెట్టాను. రసీదు రాసి ఉంచాను గానీ, సంతకం పెట్టమని అడగటానికి నోరు రాలేదు.